అద్దె ఎవరు కడితే తాళం వాళ్ళదే: హ్యాకర్‌స్పేస్‌ల యాభై ఏళ్ళ కథ

మన ఛానెల్‌లో టెక్ హిస్టరీ అంటే ఎక్కువగా ఎవరు ఏం కనిపెట్టారు, ఏ కంపెనీ ఎలా పైకొచ్చింది అనే మాట్లాడుకుంటూ ఉంటాం. ఈ ఎపిసోడ్‌లో మాత్రం గది అద్దె గురించి మాట్లాడుకుందాం. అవును, నెల మొదటి వారంలో ఓనర్ అంకుల్‌కి పంపిస్తామే, అదే అద్దె.

కంప్యూటర్ల చరిత్రలో గొప్ప గొప్ప పనులు కొన్ని ఆఫీసుల్లో జరగలేదు. పదిమంది కలిసి పెట్టుకున్న గదుల్లో జరిగాయి. ఆ గదుల్లో కొన్ని ముప్పై ఏళ్ళుగా నడుస్తున్నాయి. కొన్ని ఒక్క రోజులో మూతపడ్డాయి. తేడా ఎక్కడ వచ్చిందా అని వరసగా చదువుకుంటూ వెళ్తే, నాకు ప్రతిచోటా ఒకటే విషయం కనిపించింది. ఆ గదిలో ఎంత తెలివైనవాళ్ళు ఉన్నారన్నది కాదు, దాని అద్దె ఎవరు కట్టారన్నది. అద్దె ఎవరు కడితే తాళంచెవి చివరికి వాళ్ళ చేతిలోకే వెళ్తుంది. ఇవాళ్టి కథంతా ఇదే.

ముందు ఒక చిన్న క్లారిటీ. హ్యాకర్ అనగానే మనకి ఓటీపీ అడిగి అకౌంట్ ఖాళీ చేసేవాడు గుర్తొస్తాడు. ఆ మాటకి పాత అర్థం వేరు. ఒక వస్తువుని విప్పి, అది ఎలా పనిచేస్తుందో చూసి, తనకి కావాల్సినట్టు మార్చుకునేవాడు హ్యాకర్. అలాంటివాళ్ళు కలిసి అద్దెకి తీసుకుని, సోల్డరింగ్ ఐరన్లు, త్రీడీ ప్రింటర్, ఒక పెద్ద టేబుల్, మంచి ఇంటర్నెట్ పెట్టుకుని, జీతం తీసుకునే మేనేజర్ లేకుండా తామే నడుపుకునే చోటు హ్యాకర్‌స్పేస్. జిమ్‌లాంటిదే, కాకపోతే ఓనర్ ఉండడు. ఊళ్ళో వినాయక చవితి మండపం లాంటిదే, కాకపోతే తొమ్మిది రోజులకి నిమజ్జనం ఉండదు. ప్రతి నెలా చందా వసూలు చేయాల్సిందే. కష్టమంతా అక్కడే.

అరువు హాలు రోజులు

1975 మార్చి 5న కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ అనే ఊళ్ళో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన కారు షెడ్డులో ముప్పై మంది దాకా గుమిగూడారు. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన ఆల్టెయిర్ 8800 అనే కిట్ కంప్యూటర్‌ని చూడటానికి. ఆ గుంపు పేరు హోంబ్రూ కంప్యూటర్ క్లబ్. మొదటి మీటింగ్‌కి వచ్చినవాళ్ళలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. ఆపిల్ 1ని అతను మొదట చూపించుకున్నది ఈ క్లబ్ వాళ్ళకే.

జనం పెరిగారు, షెడ్డు సరిపోలేదు. తర్వాత మీటింగులు స్టాన్‌ఫర్డ్ వాళ్ళ పార్టికల్ యాక్సిలరేటర్ సెంటర్ ఆడిటోరియంలో జరిగాయి. అంటే హోంబ్రూకి సొంత గది లేదు. మీటింగ్ రోజు సాయంత్రం వచ్చి, మాట్లాడుకుని, బోర్డులు మార్చుకుని, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోవాలి. రాత్రి పన్నెండింటికి ఒక ఐడియా వస్తే తలుపు తట్టడానికి తలుపే లేదు. 1986 డిసెంబర్ దాకా క్లబ్ నడిచింది, ఆ తర్వాత ఆగిపోయింది. అప్పటికి అందులోంచి వచ్చినవాళ్ళు చాలామంది సొంత కంపెనీల్లో బిజీ.

అరువు గది సంగతి మనలో బీటెక్ చదివినవాళ్ళందరికీ తెలుసు. మా కాలేజీలో సాయంత్రం అయిదయ్యేసరికి ల్యాబ్‌కి తాళం పడేది. రోబో చక్రం సగం తిరిగి ఆగిపోయినా సరే, తాళం తాళమే. ల్యాబ్ అసిస్టెంట్ గారు చెడ్డాయనేం కాదు. ఏదైనా కాలిపోతే జవాబు చెప్పాల్సింది ఆయనే. గది ఎవరి పేరు మీద ఉందో టైమింగ్స్ కూడా వాళ్ళవే.

బోస్టన్: పాత సామాన్లు అమ్మి అద్దె

సొంత గదికి వెళ్దాం. 1992లో బోస్టన్‌లో కొంతమంది కుర్రాళ్ళు ఒక పాత బిల్డింగ్‌లో చోటు అద్దెకి తీసుకున్నారు. ఇళ్ళల్లో పేరుకుపోయిన పాత కంప్యూటర్లు పెట్టుకోవడానికి ఒక గోడౌన్ కావాలి, అంతే. దాని పేరు లాఫ్ట్. పగలు ఉద్యోగాలు, రాత్రి ఇక్కడ. సాఫ్ట్‌వేర్లలో సెక్యూరిటీ లోపాలు వెతికి బయటపెట్టడం వాళ్ళ పని.

అద్దె ఎలా? జేబుల్లోంచి తలా కొంత. ఎమ్‌ఐటీ దగ్గర జరిగే సంతలో పాత పార్టులు అమ్మితే కొంత. తర్వాత పాస్‌వర్డ్‌ల బలం పరీక్షించే లాఫ్ట్‌క్రాక్ అనే సొంత సాఫ్ట్‌వేర్ అమ్మితే కొంత. 1998 మే 19న ఈ ఏడుగురూ అమెరికా సెనెట్ కమిటీ ముందు కూర్చుని, మేము తలుచుకుంటే ఇంటర్నెట్‌ని 30 నిమిషాల్లో పడేయగలం అని చెప్పారు. టేబుల్ మీద వాళ్ళ పేరు బోర్డుల్లో అసలు పేర్లు లేవు, హ్యాకర్ మారుపేర్లే. ప్రపంచమంతా వాళ్ళ వైపు చూసింది.

తర్వాత? 2000 జనవరిలో లాఫ్ట్ ఒక వెంచర్ క్యాపిటల్ డబ్బున్న కంపెనీలో కలిసిపోయింది. దాని పేరు ఎట్‌స్టేక్. ఇక అద్దె బాధ లేదు, నెలనెలా జీతం. కానీ ఇప్పుడు క్లయింట్లు ఉన్నారు, ఇన్వెస్టర్లు ఉన్నారు. లోపం కనపడితే లోకానికి చెప్పేయడం అనే పాత అలవాటుకి క్లయింట్ మొహం అడ్డొస్తుంది. 2004లో ఆ కంపెనీని సిమాంటెక్ కొనేసింది. గది కథ అక్కడితో అయిపోయింది.

వాళ్ళు తప్పు చేశారని నేను అనను. పగలు ఉద్యోగం, రాత్రి లాఫ్ట్ అని ఏడెనిమిదేళ్ళు లాగడం అంటే మాటలు కాదు. ఇష్టమైన పనికే జీతం ఇస్తామంటే ఎవరైనా వెళ్తారు. అయితే లాఫ్ట్ ఆ ఏడెనిమిది మందిదే. కొత్తవాళ్ళు వచ్చి చేరి, పాతవాళ్ళు వెళ్ళిపోయినా నడిచే ఏర్పాటు అందులో లేదు. వాళ్ళు లేస్తే గదే లేచిపోయింది.

జర్మనీ: ఏడుగురు సంతకాలు

మనుషులు మారినా గది నిలబడాలంటే ఏం కావాలి? దీనికి జవాబు జర్మనీలో దొరికింది, అదీ చాలా బోరింగ్ జవాబు. రిజిస్టర్డ్ సొసైటీ.

1981 సెప్టెంబర్ 12న బెర్లిన్‌లో ఒక న్యూస్‌పేపర్ ఆఫీసులో కేయాస్ కంప్యూటర్ క్లబ్ పుట్టింది. పేరులోనే గందరగోళం ఉంది. కానీ 1986లో వీళ్ళు వెళ్ళి చట్టబద్ధంగా రిజిస్టర్ చేయించుకున్నారు. జర్మనీలో సంఘం రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. నియమావళి, కమిటీ, ఏటా సర్వసభ్య సమావేశం, ఖజానా లెక్కలు. మన కాలనీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గుర్తొస్తోంది కదా? అచ్చం అదే.

1995లో బెర్లిన్‌లోనే సీ-బేస్ మొదలైంది. ప్రపంచంలో మొట్టమొదటి హ్యాకర్‌స్పేస్‌లలో ఒకటని దీన్ని చెప్తారు. ష్ప్రే నది ఒడ్డున ఉంటుంది. వీళ్ళ కథ భలే ఉంటుంది. కొన్ని వందల కోట్ల ఏళ్ళ క్రితం ఒక స్పేస్ స్టేషన్ బెర్లిన్ మీద కూలిపోయిందట, తాము దాన్ని తవ్వి బాగుచేస్తున్నామట, ఊళ్ళో ఉన్న పెద్ద టీవీ టవర్ ఆ స్పేస్ స్టేషన్ యాంటెనానే అట! లోపల డెకరేషన్ అంతా అలాగే ఉంటుంది. ఈ సరదా వెనక మాత్రం అదే బోరింగ్ ఏర్పాటు. రిజిస్టర్డ్ సంఘం, నెలనెలా సభ్యుల చందా. 2006లో జర్మనీ పైరేట్ పార్టీ పుట్టింది కూడా ఈ గదుల్లోనే.

ఈ ఏర్పాటులో గొప్పదనం ఏంటంటే, అద్దె ఒప్పందం ఏ ఒక్కరి పేరు మీదా ఉండదు, సంఘం పేరు మీద ఉంటుంది. ట్రెజరర్‌కి పెళ్ళై వేరే ఊరు వెళ్ళిపోతే ఇంకొకరిని ఎన్నుకుంటారు. వంద మంది తలా కొంచెం కడుతుంటే వాళ్ళలో ఒకరు అలిగి మానేసినా గది కదలదు. కాబట్టి ఏ ఒక్కరూ నేను చెప్పినట్టే జరగాలి అనలేరు. చిన్న చందాలో ఉన్న బలం అది.

2007: విమానం ఎక్కిన హ్యాకర్లు

అమెరికాలో అప్పటికి లాఫ్ట్ లాంటి గుంపులు వచ్చి పోయాయి కానీ ఈ జర్మన్ పద్ధతి ఇంకా పాకలేదు. 2007 ఆగస్టులో నిక్ ఫార్ అనే అతను హ్యాకర్స్ ఆన్ ఎ ప్లేన్ అని ఒక ట్రిప్ పెట్టాడు. లాస్ వేగాస్‌లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సమావేశం అవ్వగానే విమానం ఎక్కి, జర్మనీలో కేయాస్ క్లబ్ వాళ్ళ క్యాంప్‌కి వెళ్ళి, అక్కడి హ్యాకర్‌స్పేస్‌లు చూసి రావడం.

ఆ ఏడాది యెన్స్ ఓలిగ్, లార్స్ వైలర్ అనే ఇద్దరు జర్మన్లు హ్యాకర్‌స్పేస్ ఎలా పెట్టాలో కొన్ని సూత్రాలుగా రాసి చెప్పారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు డిజైన్ ప్యాటర్న్స్ అంటారు చూడండి, అదే ఫార్మాట్. సమస్య, దాని పరిష్కారం. చదువుతుంటే నవ్వొస్తుంది, అంత ప్రాక్టికల్‌గా ఉంటాయి. ఏ ప్రాజెక్ట్ చేయాలా అని ముందే కొట్టుకోకండి, ముందు కరెంటు, ఇంటర్నెట్, టేబుళ్ళు పెట్టండి, ప్రాజెక్టులు వాటంతటవే వస్తాయి అని ఒకటి. కిచెన్ తప్పనిసరి అని ఒకటి. అక్కడే కాపురం పెట్టేవాడిని రానివ్వకండి అని ఒకటి. నాకు బాగా నచ్చింది మంగళవారం సూత్రం. మీటింగ్ ఏ రోజు పెట్టినా ఎవరో ఒకరికి కుదరదు, ఆ చర్చ తెగదు. అందుకని మంగళవారం పెట్టేయండి, మాట్లాడకండి. అంతే!

ఆ ప్రయాణం తర్వాత కొద్ది నెలల్లోనే న్యూయార్క్‌లో ఎన్‌వైసీ రెసిస్టర్, వాషింగ్టన్‌లో హాక్‌డీసీ, శాన్‌ఫ్రాన్సిస్కోలో నాయిస్‌బ్రిడ్జ్ తయారయ్యాయి. ఎన్‌వైసీ రెసిస్టర్ వాళ్ళ నుంచే 2009లో మేకర్‌బాట్ త్రీడీ ప్రింటర్ల కంపెనీ వచ్చింది. మనం కాసేపు ఆగాల్సింది నాయిస్‌బ్రిడ్జ్ దగ్గర.

నాయిస్‌బ్రిడ్జ్: తలుపు ఎప్పుడూ తెరిచే

నాయిస్‌బ్రిడ్జ్ పెట్టినవాళ్ళలో ముఖ్యుడు మిచ్ ఆల్ట్‌మన్. కీచైన్ సైజు రిమోట్‌తో ఏ టీవీనైనా ఆపేసే టీవీ-బీ-గాన్ అనే పరికరం తయారుచేసింది ఆయనే. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో మిషన్ ఏరియాలో ఒక సందులో చిన్న చోటుతో మొదలెట్టారు. 2009లో మిషన్ స్ట్రీట్‌లో మూడో అంతస్తులో పెద్ద చోటుకి మారారు.

అప్పట్లో సభ్యత్వం నెలకి 80 డాలర్లు ఉండేది. చేతిలో డబ్బు ఆడనివాళ్ళకి 40 డాలర్లు. ఈ రెండో దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఆకలి హ్యాకర్ రేటు. అసలు విశేషం ఏంటంటే, గది వాడుకోవడానికి సభ్యత్వం అక్కర్లేదు. ఎవరైనా రావచ్చు, ఏ మెషీనైనా నేర్చుకుని వాడొచ్చు. ఉన్న ఒకే ఒక్క రూల్, ఒకరితో ఒకరు గొప్పగా మెలగండి అని. ఎవరికి ఏ పని అవసరం అనిపిస్తే వాళ్ళే చేసేయాలి, పర్మిషన్ అడగక్కర్లేదు. పెద్ద నిర్ణయాలు మాత్రం మంగళవారం మీటింగ్‌లో, ఓటింగ్‌తో కాదు, ఏకాభిప్రాయంతో. ఒక్క సభ్యుడు అడ్డం చెప్పినా ఆగిపోతుంది.

వినడానికి స్వర్గంలా ఉంది కదా. ఇప్పుడు లెక్క చూడండి. డబ్బు కట్టకుండానే అన్నీ వాడుకోవచ్చు అంటే ఎందుకు కట్టాలి? వాడేవాళ్ళు ఎక్కువ, కట్టేవాళ్ళు తక్కువ. అందరిదీ అంటే ఎవరిదీ కాదు అని మన ఇళ్ళల్లో అంటారు చూడండి, ఆ మాట ఇక్కడ నిజమైంది. సింక్‌లో గిన్నెలు ఎవరు తోమాలి? విరిగిన డ్రిల్ బిట్ ఎవరు కొనాలి? బాత్రూమ్ ఎవరు కడగాలి? చేసేవాళ్ళు ఎప్పుడూ ఆ నలుగురే. ఆ నలుగురే ఏడాదికో ఏడాదిన్నరకో విసిగిపోతారు. ఇంగ్లీష్‌లో బర్నౌట్ అంటారు, మన భాషలో చెప్పాలంటే ప్రాణం విసిగిపోవడం. దానికి తోడు అది ఇళ్ళ అద్దెలు మండిపోయే ఊరు. తలుపు తెరిచే ఉంటుందని తెలిసి రాత్రి పడుకోవడానికి వచ్చేవాళ్ళూ ఉన్నారు, దొంగతనాలూ జరిగాయి. వాళ్ళు దిక్కులేనివాళ్ళు అయినప్పుడు బయటికి పొమ్మనడం ఎవరికీ మనసొప్పదు. పొమ్మనకపోతే పని చేసుకునే చోటు మిగలదు.

2014లో నాయిస్‌బ్రిడ్జ్ కొన్నాళ్ళు తలుపులు మూసింది. మరమ్మతులు చేశారు, రూల్స్ గట్టిచేశారు, మళ్ళీ తెరిచారు. ఒక్క వాక్యం రూల్‌తో నడిచిన చోటుకి అది చిన్న విషయం కాదు. అయినా పగటిపూట ఎవరైనా రావచ్చు అనే పద్ధతిని మాత్రం వదల్లేదు. మిషన్ స్ట్రీట్ చోటు కూడా శాశ్వతం కాలేదు. 2020లో, అదీ కోవిడ్ మధ్యలో, క్యాప్ స్ట్రీట్‌లో వేరే బిల్డింగ్‌కి మారాల్సి వచ్చింది. ఊళ్ళో అద్దె పెరగడం మీ చేతిలో లేదు. చందాలు, విరాళాలు, లాభాపేక్ష లేని సంస్థగా ఉన్న రిజిస్ట్రేషన్, వచ్చి సామాన్లు మోసే మనుషులు, ఇవి ఉన్నాయి కాబట్టి మారగలిగారు.

టెక్‌షాప్: ఒక్క రోజులో తాళం

సరే, ఈ మీటింగులూ గిన్నెల గొడవా ఎందుకు, ప్రొఫెషనల్‌గా ఒక కంపెనీ నడిపితే పోలా? అలాగే అనుకుని 2006లో మెన్లో పార్క్‌లోనే, హోంబ్రూ పుట్టిన ఊళ్ళోనే, టెక్‌షాప్ మొదలైంది. ఇది లాభం కోసం పెట్టిన కంపెనీ. జిమ్‌లాగా నెలకి ఇంత కట్టు, లేజర్ కట్టర్, వెల్డింగ్, సీఎన్‌సీ మెషీన్లు అన్నీ వాడుకో. మెషీన్లు అద్భుతం, స్టాఫ్ ఉంటారు, ఫ్లోర్ శుభ్రంగా ఉంటుంది. స్క్వేర్ కంపెనీ కార్డ్ రీడర్ మొదటి నమూనాలు అక్కడే తయారయ్యాయి. ఫోర్డ్ లాంటి పెద్ద కంపెనీలు చేతులు కలిపాయి. అమెరికాలో ఒక్కో ఊళ్ళో తెరుచుకుంటూ పోయారు.

2017 నవంబర్ 15న అమెరికాలో ఉన్న టెక్‌షాప్‌లన్నీ ఒకే రోజు మూసేశారు. ముందస్తు నోటీసు లేదు. దివాలా తీయబోతున్నాం అని ప్రకటన. ఏడాదికి డబ్బు ముందే కట్టినవాళ్ళున్నారు. అక్కడి మెషీన్ల మీద చిన్న వ్యాపారాలు నడుపుకుంటున్నవాళ్ళున్నారు. పొద్దున వచ్చేసరికి తాళం.

ఖరీదైన మెషీన్లు, ఖరీదైన ఊళ్ళల్లో పెద్ద పెద్ద స్థలాలు, జీతాలు, ఇవన్నీ మెంబర్‌షిప్ డబ్బుతో గిట్టుబాటు కాలేదు. అది వ్యాపారం, నష్టపోవచ్చు. నన్ను కలవరపెట్టింది వేరే. అన్ని వేల మంది సభ్యుల్లో ఏ ఒక్కరికీ ఆ అకౌంట్ పుస్తకాలు చూసే హక్కు లేదు. వాళ్ళని మెంబర్లు అన్నారు కానీ వాళ్ళు కస్టమర్లు. నాయిస్‌బ్రిడ్జ్‌లో డబ్బు తగ్గిపోతే మంగళవారం మీటింగ్‌లో గొడవ అవుతుంది. ఆ గొడవ చిరాకే. కానీ ఆ గొడవే అలారం. టెక్‌షాప్‌లో అలారం మోగలేదు.

సైన్యం డబ్బు తీసుకోవచ్చా?

ఇంకో దారి, గ్రాంట్. ఎవరో పెద్దవాళ్ళు ఉచితంగా డబ్బిస్తారు. 2011లో అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా, సైబర్ ఫాస్ట్ ట్రాక్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. చిన్న చిన్న బృందాలకి, హ్యాకర్లకి, హ్యాకర్‌స్పేస్‌లకి కూడా తక్కువ పేపర్‌వర్క్‌తో డబ్బు. దాన్ని నడిపింది ఎవరో తెలుసా? మడ్జ్, అసలు పేరు పీటర్ జాట్కో. లాఫ్ట్ ఏడుగురిలో ఒకడు! సంతలో సామాన్లు అమ్మి అద్దె కట్టిన గుంపులోని మనిషి, ఇప్పుడు ప్రభుత్వం తరఫున డబ్బిచ్చే కుర్చీలో కూర్చున్నాడు. చిన్న బృందాల కష్టం ఆయనకి తెలుసు కాబట్టే పేపర్‌వర్క్ తగ్గించాడు అనుకోవచ్చు.

2012లో డార్పా ఇంకో గ్రాంట్ ఇచ్చింది. వెయ్యి హైస్కూళ్ళలో మేకర్‌స్పేస్‌లు పెట్టాలన్న లక్ష్యంతో, మేక్ పత్రిక వాళ్ళకి. మేకర్ ఫెయిర్ అనే పెద్ద మేళా నడిపేది కూడా వాళ్ళే. పిల్లలకి సోల్డరింగ్ నేర్పడానికి డబ్బు వస్తే మంచిదేగా? మిచ్ ఆల్ట్‌మన్ అలా అనుకోలేదు. ఎన్నో ఏళ్ళు మేకర్ ఫెయిర్‌లో పిల్లలకి సోల్డరింగ్ నేర్పిన మనిషి, ఆ ఏడాది రానని బహిరంగంగా ప్రకటించాడు. స్కూలు పిల్లల చదువుకి సైన్యం డబ్బు వద్దన్నది ఆయన పట్టు. ఆ వేసవిలో న్యూయార్క్‌లో జరిగిన హోప్ సమావేశంలో దీని మీద ప్రత్యేకంగా చర్చే పెట్టారు.

ఇక్కడ నేను ఎవరి పక్షం అని అడిగితే, రెండు వైపులా న్యాయం ఉంది. డబ్బు లేక మూతపడ్డ గదిలో పిల్లలు ఏమీ నేర్చుకోరు. అలాగని ఎవరో ఇస్తున్న డబ్బు మీదే గది నడవడం మొదలైతే, వాళ్ళకి నచ్చని ప్రశ్న అడగడానికి మనకే నోరు రాదు. ఎవరూ బెదిరించక్కర్లేదు, మనమే సర్దుకుపోతాం. పైగా గ్రాంట్ అనేది ఒకరోజు ఆగిపోతుంది. సైబర్ ఫాస్ట్ ట్రాక్ కూడా 2013లో ముగిసింది. దానితో మెషీన్ కొంటే ఆగిపోయినా మెషీన్ మిగులుతుంది. దానితో అద్దె కడితే ఏమీ మిగలదు. గ్రాంట్ డబ్బు వస్తువులకే తప్ప అద్దెకి వద్దు అనేది నేను తీసుకున్న పాఠం.

మన హైదరాబాద్‌లో

మన దగ్గరికి వద్దాం. 2023 మార్చి 2న రాయదుర్గంలో టీ-వర్క్స్ ప్రారంభమైంది. తెలంగాణ ప్రభుత్వం పెట్టింది, మొదటి దశలోనే 78,000 చదరపు అడుగులు. ఫాక్స్‌కాన్ ఛైర్మన్ యంగ్ లియూ వచ్చి ప్రారంభించారు. మెషీన్ల విషయంలో మన ఫ్రెండ్స్ పదేళ్ళు చందాలు వేసుకున్నా అలాంటివి కొనలేరు. ప్రాడక్ట్ తయారుచేయాలనుకునేవాళ్ళకి అది పెద్ద వరం. అయితే అది ప్రభుత్వ సదుపాయం, మనం దానికి వాడుకరులం. మంగళవారం మీటింగ్ మనది కాదు.

ఇంకో వైపు 2005 నుంచి స్వేచ్ఛ ఉంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం. వాలంటీర్లే బలం. కంప్యూటర్‌ని తెలుగులో వాడుకునేలా గ్నూ లినక్స్‌ని తయారుచేసింది వీళ్ళే. కాలేజీ పిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తీరిక వేళల్లో వచ్చి చేసే పని.

నాకు మరీ ఆసక్తిగా అనిపించేది మాత్రం లామకాన్. 2010లో బంజారాహిల్స్‌లో ఒక పాత ఇంట్లో మొదలైంది. నాటకాలు, పాటలు, చర్చలు జరిగే చోటు, హ్యాకర్‌స్పేస్ కాదు. కానీ దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన అష్హర్ ఫర్హాన్ సాఫ్ట్‌వేర్ మనిషి, హ్యామ్ రేడియో మనిషి. ఇంట్లోనే తయారుచేసుకోగల బిట్‌ఎక్స్ అనే రేడియో డిజైన్ ఆయనదే. మామూలుగా దొరికే పార్టులతో తక్కువ ఖర్చులో చేసుకునేలా గీసి అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ప్రపంచంలో ఎన్నో దేశాల్లో హ్యామ్‌లు దాన్ని కట్టుకున్నారు. హ్యామ్ రేడియో వాళ్ళ సమావేశాలు కూడా లామకాన్‌లో జరిగాయి. ఇల్లు కుటుంబానిది, ఖర్చులకి ఆసరా క్యాంటీన్. చాయ్, సమోసా. ఒక చాయ్ తాగితే మీరూ కొంచెం కట్టినట్టే, అది చందా అని కూడా తెలియదు. వంద మంది తలా కొంచెం కట్టడం అనే అదే సూత్రం, హైదరాబాదీ పద్ధతిలో.

మనం పెట్టుకోవాలంటే

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ప్రస్తుతం మా ఫ్రెండ్స్ గ్రూప్ ముందు ఒక ఆఫర్ ఉంది. మా ఊళ్ళో ఒక కోచింగ్ సెంటర్ ఆయన పై అంతస్తు ఫ్రీగా ఇస్తానంటున్నారు. బోర్డు మీద వాళ్ళ పేరు ఉండాలి, అడ్మిషన్ల సీజన్‌లో రెండు నెలలు ఖాళీ చేయాలి. మంచి మనసుతోనే అడుగుతున్నారు. గ్రూప్‌లో సగం మంది తీసుకుందాం అంటున్నారు. నేను వద్దంటున్నాను. రెండు నెలలు ఖాళీ చేసిన గదికి మూడో నెల ఎంతమంది తిరిగొస్తారు? దాని బదులు లెక్క వేసుకుందాం అన్నాను. మీకూ పనికొస్తుంది, చూడండి.

ఒక చిన్న ఊళ్ళో గది అద్దె 10,000 అనుకుందాం. కరెంటు 2,500, ఇంటర్నెట్ 1,000, సోల్డర్ వైరూ చీపురూ టీపొడీ అన్నీ కలిపి 1,500. మొత్తం 15,000. తలా 500 అంటే 30 మంది కావాలి. ఆగండి, ఇక్కడే అందరూ పడిపోతారు. మూడో నెలకి ఆరుగురు మానేశారనుకోండి, 24 మంది, 12,000. నెలకి 3,000 లోటు. ఆ లోటు ఎవరో ఒకరు జేబులోంచి వేస్తారు. అలా ఆరు నెలలు వేసినాయన గదికి తెలియకుండానే ఓనర్ అయిపోతాడు. అందుకే 30 మందితో సరిపోయే గదికి 40 మంది దొరికాకే దిగాలి. లేదా చిన్న గది చూసుకోవాలి. తలుపు తెరవకముందే మూడు నెలల ఖర్చు 45,000, అడ్వాన్స్ 20,000, మొత్తం 65,000 చేతిలో ఉండాలి. 30 మందైతే తలా 2,200 దాకా. అది కూడా పోగవ్వడం లేదంటే ఊళ్ళో ఇంకా అంత ఆసక్తి లేదని అర్థం. కొన్నాళ్ళు ఎవరింటి డాబా మీదో కలుద్దాం, నష్టం లేదు.

డబ్బు ఎవరో ఒకరి ఫోన్ నంబర్‌కి వెళ్ళకూడదు. మన దగ్గర 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. దానికీ కనీసం ఏడుగురే కావాలి, జర్మనీలో లాగే! సొసైటీ పేరు మీద బ్యాంక్ అకౌంట్, ఇద్దరి సంతకాలు, చందాకి యూపీఐ ఆటోపే. ప్రతి నెలా జమాఖర్చు కాగితం గోడ మీద అతికించాలి. అమెరికాలో ఉన్న బాబాయ్ పంపిస్తానంటే, ఆయన ఇంకా భారత పౌరుడేనా అని అడగండి. పౌరుడైతే తన సొంత డబ్బు బ్యాంక్ ద్వారా ఇవ్వొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. ఆయన పాత ఆసిలోస్కోప్ ఇస్తానన్నా సరే, ముందు ఒక ఆడిటర్‌ని అడగండి.

ఇంకొకటి, డబ్బు కట్టలేని పిల్లలు. ఇంటర్ చదివే అమ్మాయికి 500 అంటే ఎక్కువే. ఆమె శనివారం రెండు గంటలు వచ్చి కొత్తవాళ్ళకి సోల్డరింగ్ నేర్పితే అదీ చందానే అని రూల్‌లోనే రాసిపెట్టండి. దయతో ఫ్రీగా రానిచ్చినట్టు ఉండకూడదు, హక్కుగా ఉండాలి. గిన్నెలు, బాత్రూమ్, తాళం, వీటికి వారం వారం పేర్లు రాయండి. అందరూ చూసుకుంటారులే అంటే ఎవరూ చూడరు, ఇది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంత నిజమో శ్రీకాకుళంలోనూ అంతే నిజం.

హోంబ్రూకి తెలివితేటలు తక్కువై ఆగిపోలేదు. టెక్‌షాప్‌కి మెషీన్లు తక్కువై మూతపడలేదు. సీ-బేస్ ముప్పై ఏళ్ళు నడిచిందంటే దానికి కారణం కూలిపోయిన స్పేస్ స్టేషన్ కాదు, నెలనెలా చందా కట్టే మామూలు మనుషులు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న వంద రూపాయల సోల్డరింగ్ ఐరన్ చాలు మొదలుపెట్టడానికి. గది నిలబెట్టడానికి మాత్రం ఒక ట్రెజరర్, ఒక రసీదు పుస్తకం కావాలి. మీ గ్రూప్‌లో లెక్కలు సరిగ్గా రాసే మనిషి ఎవరో మీకు తెలిసే ఉంటుంది. కోడింగ్ బాగా చేసేవాడికంటే ముందు ఆ మనిషికి ఫోన్ చేయండి.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. మీ ఊళ్ళో ఇలాంటి గది ఏదైనా నడుస్తుంటే, అది ఎవరి చందాతో నడుస్తోందో నాకు రాసి పంపండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.